పదిహేను మీటర్ల తాడు

మోకాళ్ళు అరిగాయని వైద్యుడు చెప్పేనాటికి నాకు అరవై ఆరేళ్ళు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఏడేళ్ళు బండి చక్రాలు కొలిచినవాణ్ణి. చక్రం అంచు నిర్ణీత మందం కన్నా ఒక మిల్లీమీటరు తగ్గినా దాన్ని పక్కన పెట్టించడం నా ఉద్యోగం. అందువల్ల ఆయన ఎక్స్‌రే ఎత్తి చూపి “కొంచెం అరిగింది” అన్నప్పుడు, ఎంత అని అడిగాను. ఆయన అంకె చెప్పలేదు. నడక తగ్గించి ఈత మొదలుపెట్టమన్నాడు. నీటిలో ఒంటి బరువు మోకాలి మీద పడదని వివరించాడు. వివరణ సహేతుకంగానే ఉంది. అయితే నాకు ఈత రాదు.

ఇందులో వింత లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో కాపురం పెట్టిన మా కుటుంబాలకు రైల్వే కుళాయి ఉండేది. బెంగాలీ ఇళ్ళ పిల్లలు నడక తరువాత నేర్చేది ఈత. మేము బకెట్టూ చెంబూ దాటలేదు. ఉద్యోగ విరమణ తరువాత సుభాష్‌పల్లిలో కట్టుకున్న ఇంటి వెనుకే ఒక పుకుర్ ఉంది. చెరువు అనేంత పెద్దది కాదు. బెంగాలీవాళ్ళు దాన్ని అలాగే పిలుస్తారు, మేమూ అంతే. పొడవు డెబ్బై మీటర్లు, వెడల్పు నలభై, దిగడానికి మెట్లున్న ఘాట్ ఒక్కటే. పక్కింటాయన బ్యాంకులో పనిచేసి రిటైరైన బెంగాలీ. రోజూ అందులో ఈదుతాడు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు కనుక నేను దాదా అంటాను. ఆయనా మర్యాదకు నన్ను దాదా అనే అంటాడు.

ఈతకు ఒప్పుకోనిది నా భార్య. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు ఆమె తమ్ముడు నాగావళిలో మునిగిపోయాడు. అప్పుడు ఆమె వాడి చెయ్యి పట్టుకునే ఉంది. ఈ సంగతి పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. ఈ ఇంట్లో వంటగది కిటికీ పుకుర్ వైపు ఉంటుంది. దాన్ని ఆమె తెరవదు.

విషయం చెప్పినప్పుడు పప్పుకు తాలింపు వేస్తోంది.

“పుకుర్‌లోకా? మీరా?” అంది. “బాత్రూంలో జారిపోతానని కుర్సీ ఏసుకుని తానం సేస్తారు.”

“వెదురు కర్రతో లోతు కొలిచాను. ఘాట్ నుంచి ఎనిమిది మీటర్ల దాకా నా ఛాతీ దాటదు.”

“మా తమ్ముడు ములిగినకాడ లోతెంతో తెల్సా మీకు?”

తెలియదన్నాను.

“మొలలోతు.”

ఆ పూట పప్పు మాడింది. మూడో రోజున ఆమే ఒక షరతు పెట్టింది: నా నడుముకు తాడు కట్టాలి, రెండో కొస తన చేతిలో ఉండాలి. “అలగైతేనే దిగండి. లేదంటే మంచం మీద పడుండండి, సేవ సేస్తాను” అంది. గోల్ బజార్‌లో పదిహేను మీటర్ల నైలాను తాడు కొని, మీటరుకొకటి చొప్పున ఎర్ర దారం ముడి వేశాను.

నవంబరులో మొదలుపెట్టాము. దిగే ముందు నీటిలో థర్మామీటరు ముంచాను. ఇరవై నాలుగు డిగ్రీలు. దాదా గొంతుదాకా నీళ్ళలో నిలబడి చూస్తున్నాడు.

“ఏమిటి దాదా, పుకుర్‌కు జ్వరమా?” అన్నాడు బెంగాలీలో. తరువాత మెట్ల మీద కూర్చున్న నా భార్యను, ఆమె చేతిలోని తాడును చూశాడు. “బౌదీ, ఆవును కట్టినట్టు కట్టారే!” అన్నాడు. బౌదీ అంటే వాళ్ళ భాషలో వదిన.

“ఆవైతే సెప్పిన మాట వింటాది దాదా” అంది ఆమె, సగం బెంగాలీ సగం తెలుగులో.

ఆయన నేర్పిన పద్ధతి సరళమైనది. చల్లటి నీటిలో మొదట ఊపిరి పొట్టిగా, వేగంగా వస్తుంది. అది కుదుటపడేదాకా నడుములోతులో నిలబడాలి, ముందుకు పోకూడదు. తరువాత ముఖం ముంచి గాలిని నీళ్ళలోకి వదలాలి. అది వచ్చాక వెల్లకిలా పడుకోవడం. రొమ్ము నిండా గాలి పీల్చితే మనిషి తేలతాడని ఆయన అన్నప్పుడు నేను నమ్మలేదు. పీల్చి చూశాను, తేలాను. వదిలి చూశాను, దిగాను. నాలుగుసార్లూ ఒకే ఫలితం వచ్చిన తరువాత అంగీకరించాను.

ఆ రోజుల్లో నా భార్య నీటి వంక చూసేది కాదు. తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని దాని వంకే చూసేది. నేను చెయ్యెత్తితే లాగాలన్నది మా ఒప్పందం. ఈతకు ఆ తాడు అడ్డమని దాదా రెండు మూడుసార్లు చెప్పాడు. ఆమె విననట్టు మణికట్టు మీది చుట్లు సరిచూసుకుంది. నేనూ వాదించలేదు, తాడు లేకపోతే ఈతే లేదని నాకు తెలుసు.

ఫిబ్రవరి చివరికి పది మీటర్లు ఈదగలిగాను. అప్పుడు జరిగింది ఇది. చేపలు పెంచే గుత్తేదారు, దొంగలు వల వేయకుండా పుకుర్ అడుగున ముళ్ళ వెదురు కొమ్మలు పాతిస్తాడు. వల వాటికి తగిలి చిరిగిపోతుంది. ఈ ప్రాంతంలో ఇది మామూలే, నాకూ తెలుసు. కానీ నేను లోతు కొలిచింది ఘాట్ నుంచి తిన్నగా ఒకే గీత వెంట. ఆ ఉదయం ఈదుతూ ఎడమకు జరిగాను. నీటి అడుగున తాడు ఒక కొమ్మ వెనుక నుంచి చుట్టుకుంది. నడుము దగ్గర పట్టేసినట్టయింది. ఒప్పందం ప్రకారం చెయ్యెత్తాను.

ఆమె లాగింది. తాడు కొమ్మను చుట్టి వస్తున్నది కనుక ఆ లాగుడు నన్ను ఘాట్ వైపు కాక కొమ్మ వైపు, కిందికి తీసుకుపోయింది. ముక్కులోకి నీళ్ళు పోయాయి. నేను మునిగేకొద్దీ ఆమె మరింత గట్టిగా లాగింది.

“బౌదీ, ఛేడే దిన్! ఛేడే దిన్!” అని అవతలి ఒడ్డు నుంచి దాదా అరిచాడు. వదిలేయమని. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న మనిషికి ఆ మాట అర్థం కాకపోదు. ఆమె వదల్లేదు. ఒక్కసారి తల పైకి వచ్చినప్పుడు నాకు కనిపించింది: లేచి నిలబడింది, తాడు రెండు చేతుల్లోనూ ఉంది.

“వదిలెయ్” అన్నాను. గట్టిగా అనగలిగానో లేదో తెలియదు.

ఆమె మణికట్టు మీది చుట్లు విప్పింది. ఒకటి, తరువాత రెండోది. చేతులు తెరిచింది.

తాడు వదులైంది. నేర్చుకున్నది చేశాను: వెల్లకిలా తిరిగి, రొమ్ము నిండా గాలి పట్టి, కదలకుండా ఉన్నాను. ఊపిరి కుదుటపడ్డాక నడుము ముడి విప్పుకున్నాను. దాదా ఈదుతూ వచ్చాడు. నన్ను ముట్టుకోకుండా, ఘాట్ దాకా పక్కనే ఈదాడు. ఇదంతా ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కొలవలేదు.

మెట్ల దగ్గర ఆమె అరచేతులు కమిలి ఎర్రగా ఉన్నాయి.

“బాగున్నారా?” అంది.

“బాగున్నాను.”

“రండి, టీ పెడతాను.”

ఈత అక్కడితో ముగిసిందనే అనుకున్నాను. టీ తాగుతూ పొరపాటు ఎక్కడ జరిగిందో వివరించాను. ఒక గీత వెంట తీసిన కొలత మొత్తం వైశాల్యానికి వర్తించదని, గళ్ళుగా విభజించి కొలవవలసిందని చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

“ఆడి సెయ్యి నేను వదల్లేదు” అంది. “అదే జారిపోనాది. ఆడు రాలేదు. మిమ్మల్ని వదిలేసినాను, మీరొచ్చినారు. ఇది ఏటి లెక్క?”

నేను గ్లాసు కింద పెట్టాను.

ఆ వారం గుత్తేదారు మనుషులతో మాట్లాడి ఘాట్ వైపు కొమ్మలు తీయించాము. దాదా మునిగి తాడు విడదీసి తెచ్చి ఇచ్చాడు. దాన్ని నా భార్య పెరట్లో రెండు స్తంభాలకు కట్టి దుప్పట్లు ఆరేసింది. మార్చి మొదట్లో ఒక ఉదయం నేను ఘాట్‌కు బయలుదేరితే, వెనుకే వచ్చింది. చేతిలో తువ్వాలు మాత్రమే ఉంది.

థర్మామీటరు ముంచాను.

“ఈయేళ ఎంత?” అంది. అంతకు ముందు ఎన్నడూ అడగలేదు.

“ఇరవై ఆరు.”

చెప్పులు పై మెట్టు మీద విడిచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నీళ్ళు కప్పిన మొదటి మెట్టు మీదికి దిగి నిలబడింది.

“మీ యంత్రం పాడైపోనాది” అంది. “సల్లగా ఉన్నాయి.”

నేను ఈత మొదలుపెట్టాను. పది మీటర్ల దగ్గర తిరిగి చూసినప్పుడు ఇంకా ఆ మెట్టు మీదే ఉంది.