పర్లేదు సిస్టర్

మా ఆసుపత్రిలో ఆమెను అందరూ పర్లేదు సిస్టర్ అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే, ఎగతాళి అరిగిపోయి పేరు మిగిలింది. ఎమర్జెన్సీలో పదహారేళ్ళుగా నర్సు. సన్నటి మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు, కూతురు తొమ్మిదో తరగతి, ఇంట్లో అత్తగారు. ఇదంతా చెబుతున్న నేను అక్కడే రికార్డు రూములో గుమాస్తాని. ముప్ఫయ్యేళ్ళుగా పాత ఫైళ్ళ దుమ్ము పీలుస్తున్నాను. ఫైలు పట్టుకెళ్ళిన డాక్టరూ, గొడుగు పట్టుకెళ్ళిన పక్కింటాయనా నాకు ఒకటే. వెంటపడి అడిగితే తప్ప ఇద్దరూ తిరిగివ్వరు.

నా గది వెనక మెట్ల పక్కన. సిస్టర్ ఒకప్పుడు అందరిలా ముందు గుమ్మంలోంచే డ్యూటీకి వచ్చేది. అక్కడ ఎమర్జెన్సీ ఎదురుగానే ఉంటుంది. ఉన్నట్టుండి వెనక దారి పట్టింది. అటునుంచైతే ఓ అంతస్తు ఎక్కి, ఆడవాళ్ళ వార్డు దాటి, మళ్ళీ ఓ అంతస్తు దిగాలి. ముక్కేదంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినట్టు ఇదేం దారమ్మాయ్ అని అడిగాను. నడిస్తే మంచిదట బాబాయ్, అంది. ఎమర్జెన్సీ నర్సుకి నడక తక్కువైందా అనుకున్నాను గానీ, మళ్ళీ అడగలేదు.

ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి మనిషినీ ముందు ఓ నర్సు కూర్చోబెట్టి, నాడి చూసి, బీపీ చూసి, నొప్పి పదికి ఎంత అని అడుగుతుంది. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని బయట కుర్చీలో ఉంచాలో చాలావరకు ఆ అంకే తేలుస్తుంది. పుస్తకంలో బాగానే ఉంది. మనవాళ్ళని పదికి ఎంత అని అడిగితే పరీక్ష మార్కులు గుర్తొచ్చి బిక్కమొహం వేస్తారు. పోనీ ఎలా ఉందండీ అని మామూలుగా అడిగితే, పర్లేదమ్మా అంటారు. ఈ పర్లేదు అనే మాట ఉందే, దానికి బావుందని అర్థం కాదు, బాలేదనీ కాదు. ఎదుటివాళ్ళకి శ్రమ ఇవ్వడం ఇష్టం లేదని అర్థం. కాఫీ తాగుతారా అంటే పర్లేదండీ అన్న పెద్దమనిషి, మూడోసారి అడిగితే రెండు కప్పులు తాగుతాడు. ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి తెలుసు. ఆసుపత్రిలో మూడోసారి అడిగే తీరిక ఎవరికుంది? పర్లేదు అని వినపడగానే నర్సు సున్నా వేస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఎమర్జెన్సీ ఆ సామెత మీదే నడుస్తుంది. అరిచినవాడికి మంచం, ఊరుకున్నవాడికి కుర్చీ.

సిస్టర్ ఈ సంగతి పట్టుకుంది. ఆసుపత్రి కమిటీకి అర్జీ పెట్టి, అనుమతి తెచ్చుకుని, సెలవు రోజుల్లో వచ్చి, అంకెలు వేసే నర్సు బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. రోగి అన్న మాట అన్నట్టుగా ఒక గడిలో, నర్సు వేసిన అంకె పక్క గడిలో రాసుకునేది. ఎవరి మొహం చూసి అనుమానం వచ్చినా లేచి వెళ్ళి చెప్పేసేది. రెండు నెలల్లో మూడు వందల పన్నెండు మందిని రాసింది. మొదటి మాట పర్లేదు అన్నవాళ్ళు నూట పద్దెనిమిది మంది. అందులో పంతొమ్మిది మంది బయట కుర్చీలోంచి సరాసరి ఐసీయూకి వెళ్ళారు. తోటి నర్సులకి మాత్రం ఆమె చెవిలో జోరీగ అయింది. అదిగో పర్లేదు సిస్టర్ వచ్చింది, చూసి రాయండర్రా అని నవ్వుకునేవాళ్ళు. పేరు పుట్టింది అప్పుడే.

తప్పు ఎక్కడుందో దొరికింది గానీ, ఆ ప్రశ్నకి బదులు ఏం అడగాలో దొరకలేదు. అది అత్తగారు చెప్పింది, చెప్పకుండానే. పెద్దావిడ స్నానాలగదిలో జారింది. ఎలా ఉంది అత్తయ్యా అంటే పర్లేదమ్మా అంది. నొప్పుందా అంటే ఏం లేదు, నువ్వు డ్యూటీకి పో అంది. మర్నాడు పొద్దున జడ వేసుకోకుండా కూర్చుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఇల్లు తగలబడుతున్నా జడ వేసుకునే బయటికి వచ్చే రకం. చెయ్యి భుజం దాటి లేవడం లేదని అప్పుడు బయటపడింది. ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లింది. సిస్టర్ ఆ వేళే నోటుపుస్తకంలో కొత్త ప్రశ్న రాసుకుంది: రోజూ చేసే పనుల్లో ఇవాళ ఏది చేయలేకపోయారు? నొప్పి దాచుకునే మనిషి కూడా ఈ ప్రశ్నకి జవాబు చెప్పేస్తాడు. పని ఆగిపోయిందనే దిగులు అలాంటిది.

ఎమర్జెన్సీ పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. రెండు నెలలు విన్నదాని మీద నర్సులు నింపే అచ్చు కాగితం మార్చలేం అన్నాడు. సున్నా వేసి కుర్చీలో కూర్చోబెట్టాక అక్కడే కుప్పకూలినవాళ్ళ ఫైళ్ళు, గడిచిన ఏడాదివి, అన్నీ తెమ్మన్నాడు. తెస్తే ప్రశ్న కాగితం మీదికి ఎక్కుతుంది, లేకపోతే ఆమె నోటుపుస్తకంలోనే ఉంటుంది. రిజిస్టరు చూస్తే అలాంటివి నలభై ఒకటి తేలాయి. వెతికి తియ్యడం నా పని.

తీస్తూ తీస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయాను. తాపీమేస్త్రి, నలభై ఎనిమిదేళ్ళు. పొద్దున పది ఇరవైకి వచ్చాడు. నొప్పి సున్నా. పన్నెండు పదికి కుర్చీలోంచి కింద పడ్డాడు. గుండె. మళ్ళీ లేవలేదు. సున్నా పక్కన సంతకం మా సిస్టర్‌ది.

ఇన్నాళ్ళూ ఆ ఫైలు నా అరలో ఉంది, ఎవరూ అడగలేదు. ఇప్పుడు నలుగురిలో తెరిస్తే ఆమె మీద విచారణ తప్పదు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడం ఎందుకులే అని, దాన్ని నా బల్ల సొరుగులో పడేసి నలభై ఇచ్చాను. ఒకటి కనపడలేదన్నాను. నా రూములో నిజంగానే కనపడని ఫైళ్ళు చాలా ఉన్నాయి, అది వేరే సంగతి. ఉన్నదాన్ని కనపడలేదనడం మాత్రం అదే మొదలు.

ఆమె నా ఎదురుగానే కూర్చుని నలభై ఫైళ్ళూ చూసింది. చివరిది మూసి తలెత్తింది.

"తాపీమేస్త్రిది ఇవ్వు బాబాయ్."

వెతికానమ్మా, దొరకలేదు అన్నాను.

"నేను రాసిందే అది. తారీకు కూడా చెప్పగలను. అది లేకుండా మిగతా నలభై చూపించే మొహం నాకు లేదు."

సొరుగు తెరిచి ఇచ్చాను. సిగ్గేసింది. ఆ స్టూలు మీద కూర్చున్నన్నాళ్ళూ ఆమె మనసులో ఆ ఫైలే ఉందని, ఇదంతా అక్కడినుంచే మొదలైందని నాకు అప్పుడు తెలిసింది.

ఫైళ్ళు చూడటానికి పెద్ద డాక్టరు పెట్టిన మీటింగుకి ముందు ఆమె మేస్త్రి ఇంటికి వెళ్ళి, ఆయన భార్యకి అంతా చెప్పి వచ్చిందట. ఆవిడ ఏమందో నేను అడగలేదు. మీటింగుకి ఫైళ్ళ కట్ట మోసుకెళ్ళింది నేనే కాబట్టి, గోడ పక్కన నిలబడి చూశాను. సిస్టర్ అంకెలు చదువుతుంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ప్రతి నర్సూ తన సంతకం ఏ ఫైలు మీద ఉందో అని తల దించుకుంది. ఇప్పుడివి ఎవరెవరు రాశారో మా అందరి ముందూ చదువుతావా అని హెడ్ నర్సు కటువుగానే అడిగింది.

"అక్కర్లేదు మేడమ్. ఒక్కటి చదువుతాను," అని సిస్టర్ మేస్త్రి ఫైలు తీసింది. వచ్చిన టైము, పడిపోయిన టైము, మధ్యలో గంటా యాభై నిమిషాలు, అన్నీ చదివింది. "ఆయన పర్లేదమ్మా అన్నారు. నేను సున్నా వేశాను. సంతకం నాది."

పెద్ద డాక్టరు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, మూడు నెలలు కొత్త ప్రశ్నతో నడిపి చూడండి అన్నాడు. ఆమెకి మెమో కూడా ఆ వారమే వచ్చింది. అనుమతి కాగితం మీదా, మెమో మీదా సంతకం ఆయనదే.

ఆ మూడు నెలల కాగితాలూ నా చేతిమీదుగానే అరల్లోకి వెళ్ళాయి. కొత్త గడిలో ఏం రాసుందో చదవకుండా ఉండలేకపోయేవాణ్ణి. వంగి చెప్పులు వేసుకోలేకపోయాను. మనవరాలిని ఎత్తుకోలేకపోయాను. దుకాణం షట్టరు పైకి లేపలేకపోయాను. ఒక దర్జీ అయితే, సూదిలో దారం ఎక్కించలేకపోయాను, అదొక్కటే, మిగతాదంతా పర్లేదు అన్నాడు. ఆయనకి మెదడులో రక్తం గడ్డకట్టి ఉంది. పర్లేదు అన్నవాళ్ళు ఇదివరకు సగటున గంటంబావు కూర్చునేవాళ్ళు, అది ఇరవై నిమిషాలకి వచ్చింది. అలాంటివాళ్ళలో కుర్చీలోంచి సరాసరి ఐసీయూకి వెళ్ళేది నూటికి పదహారు మంది ఉంటే, ఐదుగురికి దిగింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఐదుగురూ ఎందుకు మిగిలారని ఆమె కొత్త నోటుపుస్తకం కొనుక్కుంది. ప్రశ్న అచ్చు కాగితం మీదికి ఎక్కింది. హెచ్చరిక ఒకటి ఆమె సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది.

ఫైళ్ళ కట్ట తిరిగివ్వడానికి ఓ మధ్యాహ్నం నా గదికి వచ్చింది. అడక్కుండా ఫైళ్ళు తిరిగిచ్చిన మనిషిని నేను చూడటం అరుదు. నలభై ఒకటీ ఉన్నాయి. అనుకున్నది సాధించావు కదా, ఎలా ఉందమ్మాయ్ అన్నాను.

"పర్లేదు బాబాయ్."

ఇంకెప్పుడైనా అయితే సరేలే అని నా ఫైళ్ళు నేను సర్దుకునేవాణ్ణి. మూడు నెలలు ఆ గడి చదివి చదివి, ప్రశ్న నాకు నోటికి వచ్చేసింది.

"రోజూ చేసే పనుల్లో ఏది చేయలేకపోతున్నావు?" అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగింది. కట్టకి ఉన్న తాడు కొస వేలికి చుట్టుకుంది.

"ముందు గుమ్మంలోంచి రాలేకపోతున్నాను బాబాయ్. అక్కడ నీళ్ళ క్యాను పక్కన మూడో కుర్చీ ఉంది చూడు. మేస్త్రిని అందులో కూర్చోమన్నది నేనే."

నడిస్తే మంచిదట అన్న మాట విని, నేను ఏడాదికి పైగా ఆమెకి సున్నా వేసి కూర్చున్నాను. గదికి తాళం వేసి, పదమ్మా, ఇవాళ అటునుంచి వెళ్దాం అన్నాను. భవనం చుట్టూ నడిచి ముందు గుమ్మంలోకి వచ్చాం. మూడో కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె దాని ముందు కాసేపు నిలబడి, గడియారం చూసుకుని, డ్యూటీకి లోపలికి వెళ్ళింది.