మా చిన్నమ్మ కట్టిన వాలుపట్ట

మొన్న మా తమ్ముడి కూతురు బత్తలపల్లె దగ్గరి బట్టల ఫ్యాక్టరీ నుంచి వస్తూ దారిలో మా ఇంట్లో దిగింది. ముప్పై మంది ఆడపిల్లల మీద తనిప్పుడు సూపర్‌వైజరు. పనివాళ్ళ చేత కొత్త ఆలోచనలు చెప్పించడం ఎలాగో నేర్పడానికి వాళ్ళకు రెండు రోజులు క్లాసు పెట్టారట. కాఫీ తాగుతూ, "అత్తా, నువ్వు మిల్లులో అన్నేండ్లు చేసినావు గదా, మీ కాలంలో పెద్దోళ్ళు మిమ్మల్ని ఏమన్నా అడుగుతాండిరా?" అంది. ఎవరడుగుతారే అనబోయి ఆగిపోయాను. అది అబద్ధమవుతుంది. ఒకాయన అడిగాడు, ఆయనంత బాగా అడిగిన మనిషిని మళ్ళీ నేను చూడలేదు. పిల్లకు ఏదో చెప్పి పంపేశాను గానీ అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గుత్తి దగ్గర వేరుశనక్కాయలు ఆడించి గింజ తీసే మిల్లు అది. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు కాబట్టి మా చేలల్లో కాయ లేదు, లారీల మీద కర్ణాటక నుంచి వచ్చేది. చేలో పని లేని ఆడవాళ్ళం నలభై మందిమి ఆ మిల్లు రేకుల షెడ్డులో బారులుగా కూచుని, మంచి గింజల్లోంచి బద్దలూ, నొక్కు గింజలూ, మట్టిబెడ్డలూ ఏరి పారేసేవాళ్ళం. నన్ను అక్కడ చేర్పించింది మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ. మొగుడు పోయిన మనిషి, పిల్లలు లేరు, మాట తక్కువ, చూపు ఎక్కువ. నాకు పదో తరగతి దాకా చదువు ఉండబట్టి ఏరడంతో పాటు హాజరు రాసే పని కూడా ఇచ్చారు. మా అన్న పెళ్ళాం, అంటే మా వదిన, ఐదు నెలల బిడ్డను షెడ్డు దూలానికి కట్టిన ఉయ్యాలలో వేసుకుని నా పక్కనే ఏరేది.

అప్పటిదాకా మా మీద ఉన్న మేస్త్రీకి ఒకే మాట తెలుసు, "నోరు గాదు, చేతులాడించండి." ఆయన పైకి కోస్తా వైపు నుంచి ఒక మేనేజరు వచ్చాడు. వచ్చిన రోజే గోనెసంచి పరుచుకుని మా బారులో కూచుని మధ్యాహ్నం దాకా గింజలు ఏరాడు, నడుము పట్టుకుని లేచాడు, లేచి ఒక్కొక్కరినీ పేరడిగి, ఎక్కడ కష్టంగా ఉందో చెప్పమన్నాడు. "ఏం తోచినా చెప్పండమ్మా. చెడిపోతే తప్పు నాది, బాగుపడితే పేరు మీది" అన్నాడు. మేము నవ్వుకున్నాం. కానీ తాగే నీళ్ళు ఎండలో కాగుతున్నాయని ఒకామె అంటే మర్నాటికి కుండలు నీడకు చేరాయి. నలభై మందికీ మెల్లగా నోళ్ళు లేచాయి.

ఒకరోజు బస్తా చినిగి, వాలుగా పడున్న గోనెపట్ట మీద గింజలు ఒలికిపోయాయి. మేమంతా ఎత్తడానికి ఉరికితే మా చిన్నమ్మ మాత్రం నిలబడి చూసింది. పది రోజులు మనసులో పెట్టుకుని, చెప్పమని నేను పొడవగా పొడవగా చివరికి మేనేజరుతో చెప్పింది. "సారూ, గుండ్రం గింజ దొర్లుతాది, బద్ద యాడిదాడనే నిలబడతాది. రెంటినీ కండ్లతో యాల ఎతకాల?"

ఆయన ఆ మాట వదల్లేదు. వడ్రంగిని పిలిపించాడు, చెక్క తెప్పించాడు, గోనెపట్ట బిగించాడు. మొదటిసారి అన్నీ దొర్లిపోయాయి. రెండోసారి ఏదీ కదల్లేదు. మూడోసారి చట్రం విరిగి రెండు బస్తాల గింజలు మట్టిపాలయ్యాయి. యజమాని ఫోనులో అరుస్తుంటే బయటికి వినిపించింది. మేనేజరు మాత్రం చిన్నమ్మ పేరు ఎత్తకుండా, నేనే చేయించానండీ అని తల వంచుకుని తిట్లు తిన్నాడు. ఆ మాట విన్నాక చిన్నమ్మ అన్నం కూడా సరిగా తినలేదు. చివరికి వదిన బిడ్డను ఊపుతుండగా చూసి, పట్టను తాళ్ళతో ఉయ్యాలలా వాలుగా వేలాడదీసి సన్నగా కదిలించమంది. గింజలు చినుకుల్లాగా దొర్లి కిందికి రాలాయి, చెత్తంతా పైనే నిలిచిపోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం. మేనేజరు శాలువా కప్పాడు, ఫోటో తీయించి ఆఫీసు గోడకు తగిలించాడు. చిన్నమ్మ జీవితంలో అదొక్కటే ఫోటో.

నెల తిరగకముందే మా ఇద్దర్నీ ఆఫీసులోకి పిలిచి కుర్చీలు వేయించాడు. వాలుపట్టలు వచ్చాక పన్నెండు మంది చాలు, కడమ వాళ్ళను ఆపెయ్యమని యజమాని చెప్పాడన్నాడు. "ఎవరి చేయి ఎలాంటిదో మీకు తెలిసినట్టు నాకు తెలీదు. నేను రాస్తే అన్యాయమవుతుంది. మీరే రాసివ్వండి" అన్నాడు, ఎప్పటిలాగే నెమ్మదిగా, మర్యాదగా.

చిన్నమ్మ ఆపెయ్యాల్సిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది, నేను రాశాను. వదిన పేరు చెప్పినప్పుడు నా కలం ఆగింది.

"రాయి. బిడ్డతో సగం దినాలు రాల్యా. మనోళ్ళని ఇడిస్తే తక్కినోళ్ళకు ఏం మొగం సూపిస్తాం?"

రాశాను. నా పేరు కొట్టేసి ఆమెను ఉంచుదామని నేను అనలేదు. ఆ గదిలో ఆ ఆలోచన నాకు రాకపోలేదు, వచ్చింది.

మర్నాడు మేనేజరు కాగితం చదివించి, ఇది నేను రాసింది కాదు, మీలో మీరే తేల్చుకున్నారని అందరి ముందూ చెప్పాడు. దాపరికం ఉండకూడదని ఆయన నమ్మకం. ఎవరూ ఏడవలేదు. వదిన బిడ్డను ఉయ్యాలలోంచి తీసుకుంది, దూలానికున్న చీర విప్పుకుంది, పోతూ పోతూ గోడ మీది ఫోటో చూసి, "బతికుండంగానే గోడకెక్కింది" అంది. ఆ మాట ఊరంతా పాకింది. కుళాయి దగ్గర చిన్నమ్మ బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. అన్నావదినలు మిరప కోతకు బళ్ళారి వైపు వెళ్ళిపోయారు. నాయన పోయినప్పుడు అన్న ఒక్కడే వచ్చాడు. వదిన మళ్ళీ నా చేతి నీళ్ళు తాగలేదు.

మిగిలిన పన్నెండు మందిమి నోరు మూసుకున్నాం. అనుకుని మూసుకున్నది కాదు. మేనేజరు మునుపటిలాగే వచ్చి కూచునేవాడు, ఏమైనా తోచిందా అని అడిగేవాడు. అంతా బాగుంది సార్ అనేవాళ్ళం. ఆ కార్తీకంలో కాయలాడించే డ్రమ్ము బేరింగు కీచుమనడం మొదలైంది. నాలుగు రోజులు ఆ చప్పుడు విన్నాం. ఒకరి మొహాలొకరు చూసుకుని చేతులాడించాం. ఐదో రోజు చప్పుడు పెద్దదై ఆఫీసు దాకా వినిపించి మేనేజరే పరిగెత్తుకొచ్చాడు. ఏ పనైనా తన చేతులతో చేసి చూడాలనుకునే మనిషి కదా, మిషను ఆపకుండానే మూత ఎత్తి వంగాడు. బెల్టు జారి కుడిచేతిని లోపలికి లాగింది. మూడు వేళ్ళు పోయాయి.

జీపు ఎక్కిస్తుంటే పాలిపోయిన మొహంతో మావైపు తిరిగి, "ఇన్నాళ్ళూ మీలో ఒక్కరికీ వినపడలేదా?" అన్నాడు.

"ఇనపడింది సార్," అంది మా చిన్నమ్మ.

ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. ఆయన స్థానంలో వచ్చినవాడు ఎవర్నీ ఏమీ అడిగేవాడు కాదు, తోచింది దాచుకోవాలనే దిగులు మాకు తప్పింది. రెండేళ్ళకు పట్నం నుంచి పెద్ద మిషను వచ్చింది, పన్నెండు మందిమీ ఇంటికి వెళ్ళాం. ఆ తర్వాత చిన్నమ్మ ఎక్కువకాలం బతకలేదు. పాడె మోయడానికి నలుగుర్ని వెతుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు గింజను కెమెరా ఏరుతుందట, రంగు చూసి గాలితో ఊది పారేస్తుందట. మంచిదే, దానికి వదినలూ చిన్నమ్మలూ ఉండరు. ఆ మిల్లు తర్వాత నేను ఇంకో మూడు చోట్ల పని చేశాను. ఎక్కడికి పోయినా, ఇది ఇట్లా కాక అట్లా చేస్తే సులువు కదా అని నాకు ఏదో ఒకటి తోచేది. తోచినప్పుడల్లా తల వంచుకుని, చెప్పినట్టే చేశాను. మంచి పనిమంతురాలినని అందరూ మెచ్చుకున్నారు.