జపాన్ వెళ్ళిన ఏడు వారాలు

జపాన్‌లో పేరున్న ఒక పరిశోధనా విశ్వవిద్యాలయంలో నాకు మాస్టర్స్ సీటు వచ్చింది కరోనా ఏడాదిలోనే. ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే స్లాగ్ మీద పరిశోధన. నాన్న చరోదా రైల్వే యార్డులో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రాయపూర్ దగ్గర ఖుర్సీపార్‌లో మాది రెండు గదుల ఇల్లు.

మొదటి సెమిస్టరు ఇంటినుంచే చదవమన్నారు. అక్కడ తొమ్మిదింటి క్లాసు మనకు తెల్లవారుజామున ఐదున్నరకు. లోపలి గదిలో బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. విదేశీ విద్యార్థుల ఆఫీసు నుంచి వారానికో మెయిలు వచ్చేది. ఉచితంగా జపనీస్ క్లాసులు, సెలవుల్లో ఇంటికి పిలిచి భోజనం పెట్టే కుటుంబాలు, ఉక్కు కర్మాగారాల్లో వేసవి శిక్షణ, సదస్సులకు వెళ్ళిరావడానికి ఖర్చులు. ప్రతిదాని కిందా ఒకటే మాట, క్యాంపస్‌కు చేరుకున్నాక దరఖాస్తు చేసుకోవచ్చని.

డిసెంబరులో వీసా వచ్చింది. జనవరిలో ప్రయాణం. ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు ఏడ్చారు. పక్కింటి పిన్ని ఒక శాలువా కప్పి, "చలి దేశమంట, జాగర్తే" అంది. గురువారం పొద్దున మెయిలు వచ్చింది. జపాన్ సరిహద్దులు మళ్ళీ మూసేశారు, ఇచ్చిన వీసాలు ప్రస్తుతానికి చెల్లవు.

రెండు రోజులు నేను గుమ్మం దాటలేదు. కట్టిన సూట్‌కేసు విప్పలేదు. మూడో రోజు అమ్మ కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చి, అది దించకుండానే అంది.

"ఎల్లిపోనావని సెప్పీసినాను."

"ఎవరికి?"

"పిన్నికి. ఎప్పుడెల్తాదని నలుగురిలో అడిగింది. నానేటి సెప్పాల? తెల్లారగట్ల రాయపూర్ నుంచి ఇమానం ఎక్కీసిందన్నాను."

"అమ్మా! ఐసా క్యోం బోలా? ఎందుకలా చెప్పావు?"

"వారం రోజులే గదా. తెరిసీగానే నిజంగానే ఎల్తావు. అంతవరకు లోపలుండు."

నాన్న డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని చాలాసేపు బూట్ల లేసులు విప్పుతూ కూర్చున్నాడు. "మందిరంలో చేతులెత్తి పాడేదానివి, ఇలగెందుకు సేసినావు?" అన్నాడు అమ్మతో. వెళ్ళి అబద్ధమని చెప్పి రమ్మని ఆమెనూ పంపలేదు, నన్నూ పంపలేదు.

వారం ఏడు వారాలైంది. పెరట్లోని స్నానాలగదికి తెల్లవారకముందే వెళ్ళి వచ్చేయాలి. పగలు కిటికీ వెయ్యాలి. మా గోడా పిన్నివాళ్ళ గోడా ఒకటే, అందుకని క్లాసులో మాట్లాడాల్సి వస్తే దుప్పటి కప్పుకుని మాట్లాడేదాన్ని. ప్రొఫెసరుగారు ఒకసారి "నీ ఆరోగ్యం బాగుందా, గొంతు అలా ఉందేమిటి?" అని అడిగారు. బాగుందన్నాను. తుమ్ము వస్తే దిండులో మొహం పెట్టేదాన్ని. బయట కుళాయి దగ్గర నా గురించే మాట్లాడుకునేవారు, అక్కడ మంచు పడుతోందా అని. అమ్మ పడుతోందని చెప్పేది. కొన్నాళ్ళకు ఏం వండుకుంటోందో కూడా చెప్పడం మొదలుపెట్టింది.

మా ల్యాబ్‌లో వియత్నాం నుంచి వచ్చిన సీనియర్ ఒకమ్మాయి ఉండేది. నేను చేయాల్సిన ప్రయోగాలు ఆమె చేసి, స్లాగ్ ముక్కల సూక్ష్మదర్శిని ఫోటోలు నాకు పంపేది. నేను వాటిని చూసి లెక్కలు కట్టేదాన్ని. ఒకరోజు ఫోన్ పట్టుకుని ల్యాబ్ అంతా తిప్పి చూపించింది. "బయటికెళ్ళి నడిచి రా, నీ మొహం పాలిపోయింది" అంది చివర్లో. బయటికి వెళ్ళకూడదని ఆమెకెలా చెప్పను? ఇక్కడి వాళ్ళ లెక్కలో నేను ఆమె పక్కనే ఉన్నాను.

మార్చి మొదట్లో పాస్టరుగారు, వాళ్ళ అమ్మగారు, పిన్ని ఇంటి ప్రార్థనకు వచ్చారు. ముందుగా చెప్పలేదు. అమ్మ ఒక్క ఉదుటున నన్ను లోపలి గదిలోకి నెట్టి కర్టెన్ లాగింది. నేను మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాను. పాట పాడారు, వాక్యం చదివారు. తర్వాత పాస్టరుగారు నా కోసం ప్రార్థన ఎత్తుకున్నారు. దూర దేశంలో ఒంటరిగా ఉన్న ఈ బిడ్డను కాపాడుతున్నందుకు స్తోత్రమన్నారు. పిన్ని అందుకుంది. "శుక్రవారం శుక్రవారం దానికోసమే ఉపవాసముంటన్నాను తండ్రీ" అంది.

ఇక అక్కడ కూర్చోలేకపోయాను. కర్టెన్ తీసి బయటికి వచ్చాను.

"నేనెక్కడికీ వెళ్ళలేదండి" అన్నాను. "ఇక్కడే ఉన్నాను."

అమ్మ చెంగుతో మొహం కప్పుకుంది. పాస్టరుగారు కళ్ళు తెరిచి నన్ను చూశారు. తర్వాత, "ఆమెన్ ఇంకా అనలేదమ్మా. వచ్చి కూర్చో" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఈసారి దారి తెరవమని అడిగారు.

పిన్ని మాత్రం ఆమెన్ అనలేదు. లేచి చెప్పులేసుకుంటూ, "ఏడు శుక్రవారాలే" అంది. "నాకొక్కదానికి సెప్తే నానేటి సాటింపేసీదాన్నా?" అమ్మ ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

అమ్మ నాతో పది రోజులు మాట్లాడలేదు. పిన్ని అమ్మతో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ ఏప్రిల్‌లో మా వీధిలో ఇంటికొకరు జబ్బుపడ్డారు. నాన్నకు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినప్పుడు పిన్ని కొడుకే తన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాన్న బతికాడు. అయినా మాటలు కలవడానికి ఇంకా టైం పట్టింది.

నేను వీధిలోకి రాగలిగాను, ఊరు మాత్రం దాటలేకపోయాను. మరో ఏడాది అదే గది. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ, "ఇంకా తెరవలేదేటి?" అనేవాళ్ళు. లేదని చెప్పి చెప్పి, ఆ మాట అడక్కముందే తల అడ్డంగా ఊపడం అలవాటైంది. పరీక్షలు రాశాను, సెమినార్లు ఇచ్చాను. నా చేత్తో ఒక్క స్లాగ్ ముక్క ముట్టుకోలేదు. మానేద్దామని రెండుసార్లు మెయిలు రాసి పంపకుండా తుడిచేశాను.

సరిహద్దులు తెరిచేసరికి కోర్సులో ఐదు నెలలే మిగిలాయి. వెళ్ళనా వద్దా అని నాన్నను అడిగాను. "నీ సీటు నీదే గదా. ఎల్లి సూసి రా" అన్నాడు. ఈసారి చర్చిలో ఎవరికీ చెప్పలేదు. పిన్నికి మాత్రం వెళ్ళే ముందురోజు నేనే వెళ్ళి చెప్పాను. ఆమె టికెట్ చూపించమంది. ఫోన్‌లో చూపించాను. తేదీ రెండుసార్లు చదివించుకుంది.

నేను ల్యాబ్‌కు చేరేసరికి వియత్నాం అమ్మాయి డిగ్రీ పూర్తిచేసుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయి మూడు వారాలైంది. ఫోన్‌లో చూసిన గదే కాబట్టి ఏ సామాను ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. కొలిమి తలుపు అంత బరువుంటుందని మాత్రం తెలియదు. మొదటిరోజు రెండు చేతులతో లాగినా రాలేదు. ప్రొఫెసరుగారు వచ్చి పక్కన నిలబడ్డారు, సాయం చేయబోలేదు. నేను చున్నీ నడుముకు బిగించి, మళ్ళీ లాగాను.