మొదటి మూడు రోజుల పాలు

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, సూర్యాపేటలోని ఒక దవాఖానలో, మా వియ్యపురాలు తేనె సీసా మూత తీసింది. నా కూతురికి ఆపరేషన్ అయి గంట దాటింది. మనవరాలు ఆకలికి నోరు తెరుస్తోంది.

"వద్దు వదినా," అన్నాను.

"మూడు రోజులు తేనే నాకించాలి వదినా. ఆ ముర్రుపాలు బిడ్డకు అరగవు, పిండి పారబొయ్యాలి. మా కోదాడలో అందర్నీ అట్టాగే పెంచాం. మీ అల్లుడు రాయిలా లేడా?"

నా మొదటి కానుపులో మా అమ్మ కూడా ఇదే చెప్పింది. తుంగతుర్తి దగ్గర మాది గొర్రెలు పెంచే ఇల్లు. మూడు రోజులు నేను పాలు గిన్నెలోకి పిండితే ఆమె గోడ అవతల పోసింది. బాబుకు చక్కెర నీళ్లు పట్టాం. రెండో నెలలో విరేచనాలు పట్టుకుని వాడు పోయాడు. అందుకే పోయాడని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. ఆ నీళ్లు కాచామో లేదో కూడా గుర్తు లేదు.

మిర్యాలగూడలో టీచరుగా చేరాక దొరికినదల్లా చదివాను. తల్లి ఒంటి నుంచి, పాల నుంచి మేలు చేసే సూక్ష్మజీవులు బిడ్డ పేగుల్లో చేరతాయి. అవి నిలదొక్కుకోవడానికి మొదటి పాలు సాయపడతాయి. ఆపరేషన్‌తో పుట్టిన బిడ్డకు వాటిలో కొన్ని తక్కువగా అందుతాయి. చదివిన ప్రతిసారీ ఆ గిన్నె గుర్తుకొచ్చేది.

"మూత పెట్టుండ్రి వదినా. మొదటి పాలే బిడ్డకు మేలని సదివిన."

"నాలుగు పుస్తకాలు చదివితే మంత్రసాని అయిపోతారా?"

"పుస్తకాల సంగతి ఇడిసిపెట్టుండ్రి. గొర్రె ఈనంగనే మా నాయన పిల్లను పొదుగు కాడ పెట్టేటోడు. మొదటి పాలు తాగని పిల్ల నిలవదని ఆయనకు ఎరుకనే. అదే ఇంట్ల నా కొడుక్కు ఒక్క చుక్క తాపలే."

"బంగారం లాంటి మనవరాల్ని గొర్రెపిల్లను చేశారే!"

"నవ్వియ్యకుండ్రి అత్తమ్మా, కుట్లు గుంజుతున్నయ్," అంది నా కూతురు.

నాకు నవ్వు రాలేదు. బిడ్డను కూతురి రొమ్ముకు ఆనించాను. పట్టలేదు. మళ్లీ ఆనించాను. నర్సు వచ్చి తల ఎలా పట్టుకోవాలో చూపించి వెళ్లింది. మధ్యాహ్నం దాకా అదే పని. చివరికి వచ్చినవి కొన్ని చుక్కలు, చిక్కగా, పచ్చగా.

"ఇంతేనా? ఇదేం సరిపోద్ది?" అంది వియ్యపురాలు.

"దాని కడుపెంత ఉన్నదని?"

ఆమె మెల్లగా అడిగింది. "మీ బాబుకి అసలు పట్టనే లేదా?"

"లేదు."

ఆమె సీసా సంచిలో పెట్టేసింది. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, తర్వాతిసారి బిడ్డ తలను తనే పట్టుకుంది.

మొన్న కోదాడలో ఆమె చిన్నకోడలు ప్రసవించింది. ఫోన్ చేసి, "గంటలోపే పట్టించా వదినా. చుట్టాలంతా నా మీద పడ్డారు, నేను వినలా," అంది.

మా రెండిళ్లలోనూ ముర్రుపాలు పారబోయడం ఇప్పుడు లేదు.