నాన్న చెవిలో చెరువు

ఏలూరులో ఐసీయూ మంచం మీద నాన్న రెండు చేతులూ గుడ్డపట్టీలతో కట్టేసి ఉన్నాయి. గొంతులోకి వేసిన గొట్టాన్ని ఆయన పీకేసుకుంటున్నారట.

"కంగారు తగ్గితే చేతులు విప్పేస్తామండీ. పాటలేవైనా వినిపించి చూడండి, కొందరికి నెమ్మదిస్తుంది," అంది సిస్టర్.

పాటలా? నాన్నకి పాటలంటే ఒళ్లు మంట. పాతికేళ్లుగా కొల్లేరు పక్కన చేపల చెరువు గట్టు మీదే బతికిన మనిషి. సరే, ఆ చెరువునే వినిపిద్దామనుకున్నాను. తాడేపల్లిగూడెంలో పిల్లలకి సంగీతం చెప్పేదాన్ని కదా, చప్పుళ్ల గురించి నాకు తెలియనిదేముంది! ఆ పొగరే నా కొంప ముంచింది.

మర్నాడు తెల్లవారుతుండగా గట్టు మీదకి వెళ్లాను. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి.

"బాబాయ్, కాసేపు ఆ మిషన్లు ఆపండి. పక్షుల కూతలు సరిగ్గా రికార్డవట్లేదు," అన్నాను కాపలా ఆయనతో.

"ఐదు నిమిషాలేనమ్మా," అని గొణుక్కుంటూ ఆపాడు. కొంగలు, నీటికాకులు, గట్టుకి నీళ్లు తగిలే చప్పుడు. ఎంత బాగా వచ్చిందో!

ఇయర్‌ఫోన్లు పెట్టగానే నాన్న కళ్లు పెద్దవయ్యాయి. చెంపల మీదుగా నీళ్లు కారాయి. "గుర్తుపట్టారు సిస్టర్!" అని సంబరపడిపోయాను. కట్లు లాగుతుంటే, పాపం, ఇంటికి వెళ్లాలనుంది కాబోలు అనుకున్నాను. రెండు రోజులు అదే వినిపించాను. సౌండ్ కూడా పెంచాను. ఆయన కంగారు తగ్గలేదు, చేతులు విప్పలేదు.

మూడో రోజు పొద్దున్న అమ్మ వెళ్తానంది. లోపలికి ఒక్కరినే పంపుతారు కాబట్టి నేను అద్దం బయట నిలబడ్డాను. నాన్నకి పెట్టేముందు అమ్మ ఇయర్‌ఫోన్లు తన చెవిలో పెట్టుకుని వింది. వెంటనే ఫోను పట్టుకుని బయటికి వచ్చేసింది.

"ఏరియేటర్ల చప్పుడేదే?"

"రొదగా ఉందని ఆపించానమ్మా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పొద్దున్నే ఏరియేటర్లు ఆగిపోయి, పక్షులు అలా మూగి అరుస్తున్నాయంటే ఏంటే అర్థం? గాలందక చేపలు తేలిపోతున్నాయని! ఆయనేమో లేవలేక..." మిగతా మాట ఏడుపులో కలిసిపోయింది.

చిన్నప్పుడు ఆ మోత ఆగితే చాలు, నాన్న అన్నం కంచం ముందు నుంచి లేచి పరిగెత్తేవారు. ఎన్నిసార్లు చూశాను! నాకెందుకు గుర్తు రాలేదు?

కాపలా ఆయనకి ఫోన్ చేస్తే ఏరియేటర్ల మోత రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాడు. అమ్మే లోపలికి తీసుకెళ్లింది. ఆ బండ మోత వింటూ వింటూ నాన్న పిడికిళ్లు వదులయ్యాయి. కళ్లు మూతపడ్డాయి. మధ్యాహ్నానికి సిస్టర్ కట్లు విప్పేసింది. సాయంత్రం నిద్రలోనే పోయారు.

"చేపలు బతికే ఉన్నాయని తెలుసుకుని వెళ్లారు, ఊరుకోవే," అంటుంది అమ్మ, నేను ఏడ్చినప్పుడల్లా.

అవును, తెలుసుకునే వెళ్లారు. కానీ అంతకు ముందు రెండు రోజులు, చేతులు కట్టేసి పడుకోబెట్టిన మనిషికి, ఆయన చేపలు చచ్చిపోతున్నాయని చెవిలో చెప్పింది నేనే. సౌండ్ పెంచి మరీ చెప్పాను.