రేగుమానుపాటి కొండల్ రావు

మా కొండల్ రావుది నత్తనడక డ్రైవింగ్. మేముండే నోవై నుంచి విట్లీలోని కార్ల విడిభాగాల ఫ్యాక్టరీకి ఏళ్ళ తరబడి ఒకే కార్‌లో వెళ్ళాం. మంచు పడే రోజుల్లో అతని పక్కన కూర్చుంటే ప్రాణం విసిగిపోయేది.

విట్లీ అంటే పెద్ద ఊరేమీ కాదు. పది ఇళ్ళు, ఒక పాత శ్మశానం. లంచ్ టైములో మేమంతా తింటుంటే ఇతను సమాధుల మధ్య తిరిగేవాడు. ఇంగ్లండ్ నుంచి ఈ దేశానికి వలస వచ్చి, అక్కడ వదిలేసిన తమ పల్లె పేరునే ఇక్కడా పెట్టుకున్నవాళ్ళ సమాధులవి. అన్నిటికన్నా పాత రాయి మీద ఊరి పేరు ‘విథిగ్లీ’ అని ఉంది. తర్వాతి వాటి మీద ‘విథ్లీ’. ఇప్పటి రోడ్డు బోర్డు మీద ‘విట్లీ’. విల్లో చెట్ల ఊరని అర్థమట. లైబ్రరీలో అడిగి తెలుసుకున్నాడు.

“మాది గూడ చెట్టు పేరే గదన్నా, రేగుమానుపాడు,” అనేవాడు.

ఆ ఊరు ఇప్పుడు లేదు. కృష్ణ మీద డ్యాం కట్టినప్పుడు, ఇతను బడికెళ్ళే వయసులో, మునిగిపోయింది. జనం తలో దిక్కూ పోయారు. మిగిలింది ఇతని ఇంటిపేరొక్కటే. ఫ్యాక్టరీలో ఎవరికీ నోరు తిరగకపోయినా దాన్ని కుదించడానికి ఒప్పుకునేవాడు కాదు. నాకది వట్టి మొండితనం అనిపించేది.

2015లో తండ్రీకొడుకులిద్దరూ సిటిజన్‌షిప్‌కి అప్లై చేశారు. పనిలో పనిగా ఇంటిపేరు ‘రేగు’ అని మార్చుకుంటానన్నాడు కొడుకు అనుదీప్. కొండల్ రావు అరవలేదు. ఆ ఆదివారం కొడుకునీ, తోడుగా నన్నూ విట్లీ తీసుకెళ్ళాడు.

“చూడు బిడ్డా, సముద్రం దాటొచ్చినా ఊరి పేరు ఇడ్సిపెట్టలే వీళ్ళు.”

అనుదీప్ రాళ్ళన్నీ శ్రద్ధగా చదివాడు. తర్వాత రోడ్డు బోర్డు వైపు చూశాడు.

“కానీ డాడ్, వాళ్ళు కూడా షార్ట్ చేశారు కదా?”

వెటకారంగా అనలేదు పాపం. కొండల్ రావు కార్ దగ్గరికి నడిచి తాళం తీశాడు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

ప్రమాణం రోజున నేనూ వెళ్ళాను. సర్టిఫికెట్లకి ఒక ఆఫీసరమ్మ పేర్లు పిలుస్తోంది. కొండల్ రావు ఇంటిపేరు దగ్గర ఆమె తడబడి ఆగిపోయింది. అలవాటైన మనిషి, ఆమె పూర్తిచేయకముందే లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. తర్వాత ‘అనుదీప్ రేగు’. అది తేలిగ్గా చదివేసింది.

కొడుకు నవ్వుతూ ముందుకు వెళ్తుంటే అందరితోపాటు కొండల్ రావూ చప్పట్లు కొట్టాడు. ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు తిరక్కుండానే అన్నాడు:

“చెట్టు పేరన్నా మిగిలింది తియ్. ఊరే, ఇంకోపారి మునిగింది.”