వంటశాల గోడకు ఫిరంగి గుండు

ఆ కోట కట్టించిన రాజు ఇవాళ లేచొచ్చినా, తన పడకగది ఎటో తెలియక మా అమ్మమ్మనే అడగాలి. అమ్మమ్మ ఆయన్ని కూడా బస్సు దిగిన జనంతో పాటు వరసలో నిలబెట్టి, "కిరీటం జాగ్రత్త బాబూ, ద్వారం పొట్టిది" అని హెచ్చరించి మరీ లోపలికి తీసుకెళ్తుంది. ఇందులో అతిశయోక్తి ఏమన్నా ఉంటే అది కిరీటం దగ్గరే ఉంది, అమ్మమ్మ దగ్గర లేదు.

ముప్ఫై ఎనిమిదేళ్లు ఆమె ఆ కోటలో గైడు. బస్సులవాళ్లు పొద్దున పాత గుళ్లు, మధ్యాహ్నం కోట, సాయంత్రం జింకల పార్కు చూపించి జనాన్ని ఇంటికి తోలేవాళ్లు. కోటకి దక్కేది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లోనే అమ్మమ్మ ఇద్దరు రాజుల్ని చంపి, ఒక రాణిని పారిపోనిచ్చి, అందరినీ సరిగ్గా బస్సు దగ్గర దింపేది.

అలాంటి మనిషిని సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు గొడుగు.

గొడుగు అంటే మనిషే. అమ్మమ్మకి వరసకి అక్కయ్యే ఆవిడ కొడుకు. కోట గేటు దగ్గర ఫొటోలు తీసుకునేవాడు. "పిన్నీ, పిన్నీ" అంటూ రెండేళ్లు అమ్మమ్మ వెనకాలే తిరిగి కథలన్నీ విన్నాడు. తర్వాత ఒక పసుపుపచ్చ గొడుగు కొని, దాన్ని పైకెత్తి పట్టుకుని తనే జనాన్ని తిప్పడం మొదలెట్టాడు. అక్కడితో ఆగినా అమ్మమ్మ ఊరుకునేదేమో. గైడులకి సర్టిఫికెట్ ఉండాలని కొత్త నిబంధన రాగానే, పిన్నికి అది లేదని కోట ఆఫీసుకి కాగితం రాసిచ్చింది వాడే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాం గానీ, వీడు ఏకంగా వాసాలు పీక్కుపోయాడు.

ఆపైన గొడుగు చెవికి తగిలించుకునే చిన్న యంత్రాలు తెచ్చాడు. మీట నొక్కితే అదే కోట కథ చెబుతుంది. కోటలో వాటిని నడిపేందుకు ఆఫీసు ఐదేళ్ల ఒప్పందం రాసిచ్చింది. అమ్మమ్మ సామాన్ల గదిలో లోపలికెళ్లేవాళ్ల సంచులు తీసుకుని గుర్తుకి ఇత్తడి బిళ్లలు ఇస్తూ కూర్చుంది. ఎవరన్నా "కోట బాగుంటుందా అమ్మా?" అని అడిగితే, "నాకేం తెలుసు, నేను సంచుల మనిషిని" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఇత్తడి బిళ్ల బల్ల మీద టప్పున మోగేది.

ఐదో ఏడు ఒకావిడ తన సంచితో పాటు ఆ యంత్రాన్ని కూడా మరిచిపోయి వెళ్లింది. అమ్మమ్మ దాన్ని చెవికి పెట్టుకుంది. కథలన్నీ తనవే, గొంతు మాత్రం గొడుగుది. పెద్ద మెట్ల దగ్గరికి వచ్చేసరికి, "ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం, గాలి ఎంత హాయిగా ఉందో చూడండి" అన్నాడు. అక్కడ గాలీ లేదు, హాయీ లేదు. అమ్మమ్మకి మోకాలి నొప్పి కాబట్టి అక్కడ ఆగేది, పైకి గాలి పేరు చెప్పేది. వెధవ మోకాలి నొప్పిని కూడా వదల్లేదు.

అమ్మమ్మ నవ్వబోయింది. అంతలో యంత్రం వంటశాల పెరట్లోకి వెళ్లి, "ఈ గోడలోని గుంట శత్రువుల ఫిరంగి గుండు చేసిన గాయం" అంది.

అమ్మమ్మ యంత్రాన్ని చెవి నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దానికేసి చూసింది. పామును పట్టేవాడు కన్నం చూసినట్టు.

ఆ గుంట చేసింది ఏ శత్రువూ కాదు, మా తాతయ్య. ఆయన కోట తోటకి నీళ్లు తెచ్చే నీలం ట్యాంకరు నడిపేవాడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో, ట్యాంకరు వెనక్కి తిప్పుతూ అమ్మమ్మకేసి చూశాడు, గోడని చూడలేదు. ఉద్యోగం ఊడుతుందని ఆయన తల పట్టుకుంటే, మర్నాడు వచ్చిన మొదటి బస్సుకే అమ్మమ్మ ఫిరంగి కథ చెప్పేసింది. అప్పటి అధికారి అది విని మురిసిపోయి, గుంట చుట్టూ ఇనుప కంచె కూడా వేయించాడు. నలభై నిమిషాల్లో కోట చూసేవాళ్లు, ఆ గుంట గోడకి లోపలివైపు ఉందని గమనించలేదు. గొడుగూ గమనించలేదు. వాడు అడిగి నేర్చుకోలేదుగా, విని ఎత్తుకుపోయాడు.

ఆ సాయంత్రం అమ్మమ్మ తాతయ్య ఫొటో తుడుస్తూ, "ఏమయ్యా, నీ పరువు తియ్యబోతున్నా. ఏమనుకోకు" అంది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. ఫొటోలో ఎప్పటిలాగే నవ్వుతున్నాడు.

ఒప్పందం ఇంకో ఐదేళ్లు పొడిగించాలా వద్దా అని చూడటానికి ముగ్గురు చరిత్ర పండితులు వచ్చారు. పొడిగిస్తే అమ్మమ్మ బతుకంతా ఆ సంచుల మధ్యే. ఆమె గది తలుపు మీద 'పది నిమిషాల్లో వస్తాను' అనే అట్ట తగిలించి, వాళ్ల వెనకే నడిచింది. వంటశాల పెరట్లో గొడుగు గొంతు సవరించుకుని ఫిరంగి కథ ఎత్తుకున్నాడు.

"బాబూ, గుండు ఎటునుంచి వచ్చింది?" వెనక నుంచి అమ్మమ్మ ఎంతో వినయంగా అడిగింది.

గొడుగు ఉలిక్కిపడ్డా, పెద్దల ముందు తగ్గలేదు. "తూర్పు గుట్ట మీంచి పిన్నీ. పెద్ద ఫిరంగి. మూడు రోజులు ఆగకుండా కాల్చారు."

"మూడు రోజులే! మరి మనం నిలబడింది గోడకి లోపలా, బయటా?"

గొడుగు తిరిగి గోడకేసి చూశాడు.

"లోపలేగా నాయనా. అంటే శత్రువులు రాజుగారి వంటింట్లో దూరి, పొయ్యి పక్కన ఫిరంగి పెట్టి కాల్చారన్నమాట. అన్నం ఉడికిందాకైనా ఆగారా?"

పండితుల్లో ఒకాయన తల తిప్పుకుని నవ్వాడు. అమ్మమ్మ కంచె దాటి, తలపిన్ను తీసి గుంట అడుగున గీరింది. నీలం రంగు పెచ్చు ఊడి అరచేతిలో పడింది. దాన్ని గొడుగు ముక్కు కిందకి తోసింది. "రాజులు ట్యాంకర్లకి నీలం రంగు వేయించేవారా? ఇది కూడా నీ పెట్టెతో చెప్పించు."

పండితుల్లో పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "ఇది మీకు ముందే తెలుసా?"

"తెలియకేం. గుంట మా ఆయనది, అబద్ధం నాది. దొంగతనం ఒక్కటే వీడిది."

ఒప్పందం పోయింది. గైడు పని మళ్లీ ఇవ్వమని అమ్మమ్మ ఆఫీసుకి వెళ్లి అడిగింది. ముప్ఫై ఎనిమిదేళ్లు అబద్ధం చెప్పినావిడకి ఆ పని ఎలా ఇస్తామన్నారు. "పోన్లెండి, వాడూ లోపల లేడుగా" అని ఆమె సంచుల దగ్గరికి వచ్చేసింది.

రెండు రోజులకి గొడుగు యంత్రాలన్నీ మూడు పెట్టెల్లో సర్దుకుని వచ్చాడు. వ్యాను వచ్చేదాకా వాటిని సామాన్ల గదిలోనే పెట్టాలి. అమ్మమ్మ మూడు బిళ్లలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద టప్పుమని పెట్టింది.

"ఒక్కమాట ముందే చెప్పుంటే సరిపోయేదిగా పిన్నీ. నలుగురిలో నవ్వులపాలు చేశావు" అన్నాడు వాడు.

"నలుగురేం నాయనా, ముగ్గురే. నాలుగోవాడు దొరికుంటే వాణ్ణీ పిలిచేదాన్ని."

వాడు ఇంకేదో అనబోయాడు. "తర్వాతెవరు?" అంది అమ్మమ్మ. వాడి వెనక ఎవరూ లేరు.

ఇదంతా రాసి, చదువు ఎనిమిదో తరగతిలో ఆగిన మనవణ్ణి కాబట్టి తప్పులుంటాయేమోనని ఆమెకే చదివి వినిపించాను. సంచులకి బిళ్లలు కడుతూనే మొత్తం విన్నది. "అమ్మమ్మా, ఆఖర్న వాణ్ణి క్షమించేశావని ఒక ముక్క కలపనా? చదివేవాళ్లకి బాగుంటుంది" అన్నాను.

"క్షమించలేదు. అదే రాయి."